పైకి చదవని కాగితం

జూన్ 4

పిన్నికీ, పిన్ని చుట్టూ భోజనం డబ్బాలు విప్పుకుని కూర్చున్న అట్టపెట్టెల షెడ్డు జనాభాకీ,

తింటూ వినండి. పిన్నీ, నువ్వు మాత్రం చేతులు కడుక్కున్నాకే కాగితం పట్టుకో. పోయిన ఉత్తరం సగంలోకి వచ్చేసరికి అక్షరాలు నూనెలో ఈదాయని నువ్వే రాశావు.

నేనీ పొదుపు సంఘం పెద్దాఫీసులో చేరి ఏడాదైంది. ఇంకా నా గది కిటికీ ఎదుటివాళ్ల గోడలోకే తెరుచుకుంటోంది. పొద్దున్నే ఆ గోడ వెనక ఎవరో దగ్గుతారు, నేను లేస్తాను. అలారం గడియారం ఖర్చు మిగిలింది. దీన్ని పొదుపు కింద రాయొచ్చా అని మా ఆఫీసరుగారిని అడగాలి. ఆయనకు నవ్వు రాదు, అందుకే అడగాలి.

ఇక పెట్టెలకు జిగురు పూసే మన జిగురు పెద్దక్క ప్రశ్న. "మేం నెలనెలా సంఘం కిటికీలో వేసే డబ్బు లోపల ఎక్కడ పడుకుంటుంది?" అని కదా రాయించింది. పడుకోదు పెద్దక్కా. బాబాయి తలగడలో దాచుకున్న డబ్బు పడుకుంటుంది, ఆయనతో పాటే గుర్రు పెడుతుంది. మీరు వేసింది మర్నాడే బయటికి నడుస్తుంది. ఒకచోట నీళ్ల పంపవుతుంది, ఇంకోచోట బేకరీ పొయ్యి అవుతుంది. మూడేళ్ల కిందట మీ ఓనరుకు అప్పుగా వచ్చి, మీ షెడ్డులో రెండో మడతల మిషనైంది. అట్టలకు గీతలు నొక్కే ఆ మిషను రాకముందు మీరు పన్నెండుమంది. ఇవాళ ముప్ఫైమంది. రోజూ మీరు తిట్టుకుంటూ నూనె పోసే ఆ చక్రంలో తలా ఒక పన్ను మీది.

నేను చదివిన పుస్తకాల్లో దీన్ని చాలా బరువుగా రాశారు. బీద దేశం ఎదగాలంటే జనం తినగా మిగిల్చింది యంత్రాలు కావాలని ఒక జట్టు పండితులు. ముందు దేశం ఎదిగితేనే కదా జనానికి మిగిలేది అని ఇంకో జట్టు. మా ఆఫీసరుగారి గోడ మీద రెండు గీతల పటం ఉంది, ఒకటి పొదుపు, రెండోది పెరుగుదల. జోడెడ్లలా పక్కపక్కనే పోతుంటాయి. ఏది దేన్ని లాగుతోందో పటంలో లేదు. మీరేమంటారో రాయించండి.

డబ్బా చివర మెతుకులు వదలకండి, అది కూడా పొదుపే.

మీ అందరి అమ్మాయి

(కింది కాగితం)

పిన్నీ, ఇది నీకొక్కదానికే. షెడ్డులో చదవకు. తెల్ల కాగితాలు అయిపోయి ఆఫీసు గళ్ల కాగితం మీద రాస్తున్నాను.

నేను నా జీతంలో చిల్లిగవ్వ కూడా సంఘంలో ఉంచలేదు. ప్రతి ఒకటో తారీఖునా మొత్తం తీసేసి గదిలో చెప్పుల పెట్టెలో పెడుతున్నాను. సంఘంలో తప్పేమీ జరగడం లేదు, ఒట్టు. అంకెలన్నీ నా బల్ల మీదుగానే పోతాయి. నూరు వేస్తే పది ఇనప్పెట్టెలో ఉంటాయి, తొంభై ఊళ్లోకి పోతాయి. పోవాలి కూడా. పై కాగితంలో మీకు చెప్పిన పాఠం అదే. కానీ కిటికీ ముందు నిలబడేసరికి ఆ తొంభై అక్కడ లేదన్న ఒక్క సంగతే గుర్తొస్తుంది. అందరూ ఒకేసారి చెయ్యి చాపితే? చాపరు, తెలుసు. అయినా నా చేతులు చల్లబడతాయి. కాలేజీ రోజులనుంచీ చెప్పి చెప్పి మీ అందరిచేతా వేయించిన దాన్ని నేనే. ఎవరికైనా చెప్పకపోతే పిచ్చెక్కేలా ఉంది. తిట్టు.


జూన్ 9

చిట్టీ,

తిట్టమన్నావుగా, కాసుకో. కానీ తిట్టు నీ జీతం గురించి కాదు. ఒక కవరులో రెండు కాగితాలు పెట్టే తెలివి నీకు ఏ కాలేజీలో నేర్పారే?

నిన్న మధ్యాహ్నం నీ కవరు వచ్చింది. ఎప్పట్లాగే అందరం అట్టల కట్టల మీద కూర్చున్నాం. పై కాగితం చదివాను. చక్రంలో తలా ఒక పన్ను అన్నచోట అందరూ నవ్వి, ఏ పన్ను ఎవరిదని పంచుకున్నారు. నీ ప్రశ్నకు జిగురు పెద్దక్క ఏమందో అలాగే రాస్తున్నాను: "మిషనొచ్చాక కూలి వచ్చింది, కూలి వచ్చాక మిగిలింది. ఆ పండితులిద్దరికీ రెండ్రోజులు అన్నం మాన్పించమను, ముందేదో వెనకేదో వాళ్లకే తెలుస్తుంది."

ఆ నవ్వుల్లోనే కింది కాగితం పైకి తీశాను. అలవాటైన నోరు కదా. "పిన్నీ, ఇది నీకొక్కదానికే, షెడ్డులో చదవకు" అని పైకే చదివేశాను. అప్పుడు ఆగాను. నోరు ఆగింది గానీ కళ్లు ఆగలేదు, చివరిదాకా పోయాయి. నా మొహం ఎలా మారిందో నాకు తెలియదు. మిగతా ఇరవై తొమ్మిదిమందికి తెలుసు.

మడిచి సంచిలో పెట్టుకున్నాను. మా రేడియో ఉంది కదా, పిన్నులు కొట్టే బల్ల దగ్గర కూర్చుంటుంది, ఊళ్లో ఏం జరిగినా ముందు దాని నోట్లోంచే వస్తుంది. "ఏంటట?" అంది.

"సొంత విషయం."

"సంఘం ఆఫీసులో పనిచేసే పిల్ల మా ముందు చదవొద్దని రాసిందంటే అది దాని సొంతమా, మా సొంతమా?"

"నోర్మూసుకుని అన్నం తిను" అన్నాను. అనకుండా ఉండాల్సింది. మామూలుగా అయితే అలా అంటే అది నాలుగు జవాబులు చెప్పేది. నిన్న తినడం ఆపి డబ్బా మూతపెట్టేసింది.

ఇవాళ పొద్దున సంఘం మీదుగా వస్తుంటే కిటికీ దగ్గర మా వాళ్లు ముగ్గురు కనిపించారు. ఒకటో తారీఖు కాదు, వేయడానికి వచ్చుండరు. నన్ను చూసి ఒకామె పాస్‌పుస్తకం వెనక్కి దాచుకుంది. నా దగ్గర దాచుకోవడమేంటే? ఆ పుస్తకం మొదటి పేజీలో తెలిసినవారిగా పూచీ సంతకం నాదే. ఇరవై తొమ్మిది పుస్తకాల్లోనూ నాదే.

గోరంతదాన్ని కొండంత చేసుకుంటున్నానేమో. బాబాయి మాత్రం తలగడ తట్టుకుంటూ ఈల వేస్తున్నాడు.

తలకి నూనె రాసుకో, ఒంటికి చల్లదనం.

పిన్ని


జూన్ 12

పిన్నీ,

ఇవాళ పలకరింపులు లేవు.

రోజూ మధ్యాహ్నం శాఖలనుంచి ఫోనులో అంకెలొస్తాయి: ఎంత వేశారు, ఎంత తీశారు. నేను పటంలో చుక్కలు పెడతాను. నిన్న ఒక శాఖ చుక్క మిగతావాటి నుంచి తెగి కిందికి జారింది. ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఆఫీసరుగారికి చూపించాను. "చురుకైన కళ్లు" అని మెచ్చుకున్నారు. సీటులోకి వచ్చి, గుటకెడు టీ తాగి, అప్పుడు ఆ శాఖ నంబరు పక్కనున్న పేరు చదివాను. మీది.

అక్కడ ఏం జరిగింది? ఎవరేమన్నారు? నీ దగ్గర్నుంచి ఇంకా ఉత్తరం రాలేదు. ఇవాళ చుక్క ఇంకా కిందికి దిగింది. ఆఫీసరుగారు పటం ముందు నిలబడి, "సంఘం బాగానే ఉంది, మరి గాలి ఎక్కణ్ణుంచి వీచింది? పుట్టినచోటు పట్టుకోవాలి" అన్నారు. ఆయన వేలు పటం మీద ఉంది గానీ నా మెడ మీద ఉన్నట్టే అనిపించింది. పక్క సీటాయన కుర్చీ జరిపినా ఉలిక్కిపడుతున్నాను.

ఆ గళ్ల కాగితం ఎవరి కంటా పడకూడదు. సంఘం ఉద్యోగి సంఘాన్ని నమ్మడం లేదని సొంత దస్తూరీతో రాసిచ్చాను. ఉద్యోగం పోవడం సరే, అది ఇంకో శాఖకి తెలిస్తే, అక్కణ్ణుంచి ఇంకోదానికి... పిన్నీ, దాన్ని కాల్చెయ్. బూడిద కూడా నీళ్లలో కలుపు.

నీ


జూన్ 16

చిట్టీ,

నీ ఉత్తరం అందింది. పేరు రాయబోయి "నీ" దగ్గరే ఆగిపోయావు. నీ భయం అక్కడే తెలిసింది.

పొయ్యి వెలిగించి కాగితం దగ్గరికి తీసుకెళ్లాను. కాల్చలేదు. అది ఉందని ముప్ఫైమందికి తెలుసు. లేకపోతే దాన్లో ఏం రాసుందో ఎవరిష్టం వాళ్లది. ఉంటే కనీసం రాసిందే ఉంటుంది.

ఇంకో తప్పు కూడా చేశాను. అందరూ చుట్టుముట్టి అడుగుతుంటే నీకో ప్రేమ అంటగట్టాను. క్షమించు. వేరే ఏమీ తోచలేదు.

"ఎవరట?" అంది రేడియో.

"ఆఫీసులోనేనట."

"ఎత్తెంత?"

"రాయలేదు."

"ప్రేమించిన పిల్ల ఎత్తు రాయకుండా ఉత్తరం ముగిస్తుందా! నేనైతే చెప్పుల నంబరు కూడా రాసేదాన్ని."

కొందరు నవ్వారు. ఆ నవ్వుతో గండం గడిచిందనుకున్నాను. అప్పుడు జిగురు పెద్దక్క బ్రష్షు డబ్బాలో ముంచుతూ, తల ఎత్తకుండానే అంది: "ప్రేమ సంగతైతే నవ్వొస్తుంది, లేకపోతే కోపమొస్తుంది. ఆ రోజు నీకొచ్చింది భయం. నేను చూశాగా."

అంతే. ఆ సాయంత్రం ఆమే లైనులో నిలబడింది. ఆమె వెనక మిగతావాళ్లు. కిటికీ ఆయన మంచివాడు, ముసలివాళ్లకు స్టూలు వేస్తున్నాడు. కానీ రోజుకు పదిమందికే ఇస్తాం అని బోర్డు పెట్టాడు. ఆ బోర్డుతో, నిన్నటిదాకా రానివాళ్లు కూడా పరుగెత్తుకొచ్చారు. షెడ్డు వాళ్లే కాదు, చెప్పులు కుట్టేవాళ్లు, బడి ఆయా, అందరూ.

ఇప్పుడు మా వీధి చూస్తే నువ్వు గుర్తుపట్టవు. పట్టపగలు తలుపులన్నీ మూసుంటాయి. ఎవరింట్లో ఎంతుందో అందరికీ తెలుసు కదా. ఇంట్లో వదిలితే భయమని సంచుల్లో పెట్టి మెడకు తగిలించుకుని పనికొస్తున్నారు. అట్ట మడవడానికి వంగితే సంచి ముందుకు వేలాడుతుంది. ఒక చేత్తో దాన్ని పట్టుకుని ఇంకో చేత్తో మడుస్తున్నారు. పెట్టెలు వంకరొస్తున్నాయి, ఓనరు అరుస్తున్నాడు. పదిహేనేళ్లుగా ఒకరి డబ్బాలో ఒకరు చెయ్యిపెట్టి తిన్నవాళ్లం. ఇప్పుడు ఎవరైనా దగ్గరికి వస్తే పక్కకి జరుగుతున్నారు.

నన్నెవరూ ఏమీ అనడం లేదు. అంటే బాగుండును. నువ్వు చెప్పావు, నేను పూచీ పడ్డాను, వాళ్లు వేశారు. వాళ్ల డబ్బుకి ఏమన్నా అయితే నేనీ వీధిలో ఎలా నడవాలి?

నాది నేను తీయలేదు. తీస్తే నా సంతకం నేనే కొట్టేసుకున్నట్టు.

పిన్ని


జూన్ 20

ప్రేమలో పడ్డ అమ్మాయి నుంచి, పడేసిన పిన్నికి,

నీ మొదటి ఉత్తరం పదమూడునే అందింది. మూడుసార్లు జవాబు రాసి చింపాను. రెండోది ఇవాళ వచ్చింది. ప్రేమ సంగతి చదివి ముందు చాలా కోపమొచ్చింది. ఇక్కడ నాకు పలకరించే మనిషే లేడు, నువ్వేమో నాకో మనిషిని పుట్టించావు! ఆ కోపం పది నిమిషాలు కూడా ఉండనివ్వలేదు ఇక్కడివాళ్లు.

మధ్యాహ్నం ఒక ఆర్డరు వచ్చింది. మీ శాఖలో ఇనప్పెట్టె ఖాళీ అవుతోంది కాబట్టి, ఆ శాఖ ఇచ్చిన పెద్ద అప్పులు కొన్ని వెనక్కి రప్పించాలట. నెలాఖరులోపు సగం కట్టాలి, లేకపోతే తాకట్టు వస్తువు సంఘం తీసుకెళ్లి అమ్ముకుంటుంది. జాబితా తయారుచేసింది నేనే. నీళ్ల పంపొకటి, బేకరీ పొయ్యొకటి. మూడోది మడతల మిషను.

నేను పేర్లు రాశాను. రాయకపోతే పక్క సీటాయన రాస్తాడు.

నీకర్థమైందా పిన్నీ? వాళ్లు మెడకు కట్టుకున్నది ఆ మిషనునే, ముక్కలుముక్కలుగా. తీసినవాళ్లు తిరిగి వేస్తే మిషను ఉంటుంది. సంఘానికి ఏమీ కాలేదు, మిగతా శాఖల్లో ఎవరూ కదల్లేదు. ఈ పది రోజులు ఎలాగైనా ఆపు.

నీ అబద్ధాన్ని పూర్తిచేసి పంపుతున్నాను. ఈ కవరులోనే ఇంకో కాగితం ఉంది, అదే మొదలు: "పిన్నీ, ఇది నీకొక్కదానికే." తర్వాతంతా ప్రేమ. రేడియో కోసం ఎత్తు కూడా రాశాను, తలుపు పైకమ్మికి జానెడు తక్కువ. సిగ్గుపడుతూ చదువు. అదే ఆ రోజు కాగితమని చెప్పు. భయపడింది నా పెళ్లి గురించేనని చెప్పు.

నేను ఇంత హాయిగా అబద్ధం రాయగలనని ఇవాళే తెలిసింది. అది కూడా భయంగానే ఉంది.

నీ చిట్టి


జూన్ 25

చిట్టీ,

కూర్చుని చదువు. నిలబడి చదవకు.

నిన్న ముందు ఓనరుకు నోటీసు వచ్చింది. తర్వాత నీ కవరు వచ్చింది. దాన్ని ఇంటి దగ్గరే విప్పి, కొత్త కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, నలిపి, సంచిలో వేసుకుని షెడ్డుకు పోయాను. భోజనాల వేళ లేచి నిలబడ్డాను. ఈమధ్య అందరూ విడివిడిగా గోడల వైపు తిరిగి తింటున్నారు. "ఆ కాగితం చదవమన్నారుగా, చదువుతాను. పిల్ల పరువు పోతే మీదే పాపం" అన్నాను. అందరూ దగ్గరికొచ్చారు.

బాగా రాశావే. నేను కూడా బాగా చదివాను. పైకమ్మి మాట రాగానే రేడియో "చూశారా, ఎత్తు రాసింది" అని చేతులు తట్టింది. ఎన్నాళ్లకో నవ్వు వినపడింది. ఒకామె మెడలోంచి సంచి తీసి పక్కన పెట్టింది కూడా.

జిగురు పెద్దక్క నా చేతిలో కాగితం వంకే చూస్తోంది. ఆమెకు అక్షరం ముక్క రాదు, అందుకే కాగితాన్ని చూస్తుంది.

"ఇది తెల్లది. ఆ రోజుది గళ్లది" అంది.

సంచి పక్కన పెట్టిన ఆమె దాన్ని మళ్లీ మెడకు తగిలించుకుంది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేనేం చేశానో విను. గళ్ల కాగితం తీశాను, ఇన్నాళ్లూ దాన్ని వదిలి ఎక్కడికీ పోలేదు. మొదటినుంచీ చివరిదాకా చదివాను. చిల్లిగవ్వ, చెప్పుల పెట్టె, పది, తొంభై, చల్లబడ్డ చేతులు. ఒక్క ముక్క వదల్లేదు. నీ ఉద్యోగం గుర్తుంది. అయినా చదివాను. నన్నేమన్నా అను.

అందరికంటే ముందు చిన్నది, మొన్న చేరిన పిల్ల, "ఇంతేనా?" అంది. "దొంగతనమో, దివాలానో అనుకున్నాం. ఈ అక్కకు కూడా మనలాగే భయం, అంతేగా?"

నా ప్రాణం లేచొచ్చింది. అవునవును, అంతే, అన్నాను. సంఘం నిలబడే ఉందని, మీరు తిరిగి వేస్తే మిషను ఉంటుందని, నువ్వు రాసిందంతా చెప్పాను.

రేడియో అంది: "అంతేనా అంటావేంటే? లోపల కూర్చుని అంకెలన్నీ చూసే పిల్ల, అంతా బాగుందని తెలిసిన పిల్ల, తనే ఉంచలేదు. ఏమీ తెలియని మనం ఉంచాలా?"

దానికి జవాబు నీ దగ్గరుందా?

ఇంకా తీయకుండా మిగిలినవాళ్లు ఏడుగురు. సాయంత్రం వాళ్లు కూడా లైనులో ఉన్నారు. ఆ చిన్నది కూడా.

పిన్ని


జూన్ 29

పిన్నీ,

కూర్చునే చదివాను. నిన్న అందింది. నిన్నేమీ అనను. నేను రాసిన అబద్ధం కంటే నువ్వు చదివిన నిజమే నయం, దానివల్ల ఏమొచ్చినా సరే.

ఇవాళ పొద్దున నేనే ఆఫీసరుగారి గదిలోకి పోయి, గాలి పుట్టినచోటు నా బల్లే అని చెప్పేశాను. ఆయన చాలాసేపు కలం మూత తీసి పెడుతూ ఉన్నారు. లేచి తలుపు దగ్గరికి వేసి, "భయపడటం నేరం కాదమ్మా. రాయడం నేరం" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "నాది సగం ఇంట్లోనే ఉంటుంది" అన్నారు. ఆయన గోడ మీద ఆ రెండు గీతలు అలాగే పైకి పోతున్నాయి. ఇంతమందిమి లోపల కూర్చుని, ఎవరికి వాళ్లం, ఒక్కరమే భయపడుతున్నామనుకుంటూ పనిచేస్తున్నామా?

ఉద్యోగం ఉంది. వేరే విభాగానికి మారుస్తారట, అంకెలు కనపడని విభాగం.

ఇది ముఖ్యం: ఒకటో తారీఖున మీ శాఖకు డబ్బు వస్తోంది, ఎవరు ఎంతడిగితే అంత ఇచ్చేస్తారు. ఎవరికీ ఏమీ పోదు. జప్తు నాలుగు రోజులు ఆపమని బతిమాలాను. ఆర్డరు పైనుంచి వచ్చిందట, ఆయన చేతిలో లేదు. ఆఫీసు ఫోను వాడనివ్వలేదు. అందుకే ఈ ఉత్తరం. ఇది ముప్ఫైలోపు అందదని నాకు తెలుసు. అయినా పోస్టు డబ్బా దాకా పరుగెత్తుతున్నాను.

చిట్టి


జూలై 4

చిట్టీ,

నీ ఉత్తరం నిన్న అందింది. నువ్వు రాసినట్టే జరిగింది. ఎవరికీ ఏమీ పోలేదు.

ముప్ఫయ్యో తారీఖు సంగతి రాయాలి. పొద్దున పదింటికి లారీ వచ్చింది. నలుగురు దిగారు, పానాలు పట్టుకుని. ఓనరు వాళ్లను గుమ్మంలో ఆపి, అట్టల కట్ట ఎక్కి నిలబడ్డాడు. ఎప్పుడూ అరిచే మనిషి, ఆ రోజు చేతులు జోడించాడు. "సగం కడితే చాలట. మీ దగ్గరుందని నాకు తెలుసు. నాకే అప్పివ్వండి, ఒక్కొక్కరికి కాగితం రాసిస్తాను" అన్నాడు.

ఆ మిషను ఖరీదంతా ఆ షెడ్డులోనే ఉంది చిట్టీ, ఇరవై తొమ్మిది మెడలకు వేలాడుతూ.

నేను ముందుకొచ్చాను. "మనమే కదా దీన్ని తెచ్చింది. తలా కొంచెం విప్పండి" అన్నాను.

"నీదేది?" అంది రేడియో.

నాది సంఘంలో ఉంది. ఆ రోజు అర్ధసంవత్సరం లెక్కలని కిటికీ మూసేశారు.

"నీది భద్రంగా లోపల పెట్టుకుని మా సంచులు విప్పమంటావా?" అంది. వెటకారం లేదు దాని మాటలో. నిజంగానే అడిగింది.

జిగురు పెద్దక్క చెయ్యి సంచి ముడి మీదికి పోయింది. నేను చూశాను. ముడి సగం వదులు చేసింది కూడా. అప్పుడు తలెత్తి చుట్టూ చూసింది. ఇంకే చెయ్యీ కదల్లేదు. అందరూ ఆమె వంకే చూస్తున్నారు, ఎవరో ఒకరు ముందు విప్పితే చూద్దామని. ఆమె మళ్లీ ముడి బిగించుకుంది. అప్పుడు మొదటి బోల్టు ఊడింది. ఆరు బోల్టులకు గంట పట్టింది. ఆ గంటసేపూ ముప్ఫైమందిమి నిలబడే ఉన్నాం.

మర్నాడు సంఘానికి డబ్బు వచ్చింది. "ఎవరికెంత కావాలన్నా ఇస్తాం" అని కాగితం అంటించారు. మధ్యాహ్నానికల్లా జనం తిరిగి వేయడం మొదలుపెట్టారు. అందరికంటే ముందు రేడియోనే, మెడ నొప్పెడుతోందట. పద్దెనిమిదిమంది మాత్రం వేయలేదు. మిషను పోయాక వాళ్లకు పని లేదు, ఆ సంచుల్లోది తింటున్నారు. ఆ చిన్నది రోజూ పొద్దున షెడ్డు గేటు దాకా వస్తుంది, మిషను తీసినచోట గుంతలు పడ్డ గచ్చు వంక చూసి వెళ్లిపోతుంది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి. అవి కొండలు కూడా కాదు. పాతవాళ్లం పన్నెండుమందిమి మిగిలాం. నేను మిగిలాను. అదే నన్ను ఎక్కువ భయపెడుతోంది. పొద్దున మొహం కడుక్కుని పనికి బయల్దేరడమంటే దొంగలా ఉంది.

సంఘమంటే నాకు ఎప్పుడూ భయం లేదు. నీ కాగితం చదివినా రాలేదు. లైను చూసినా రాలేదు. ఆ గంటలో వచ్చింది. మొహాలన్నీ నాకు తెలుసు. ఎవరి పిల్లలకి ఏ జబ్బు చేసిందో, ఎవరు ఏ పాటకి ఏడుస్తారో తెలుసు. ఒక్క చెయ్యీ లేవలేదు. నా సంచి నా మెడలో ఉండుంటే నేను విప్పేదాన్నా అని అప్పటినుంచీ నన్ను నేనే అడుగుతున్నాను. విప్పేదాన్ననే అనుకుంటాను. వాళ్లు కూడా ముందురోజు దాకా అలాగే అనుకుని ఉంటారు.

ఇవాళ నేను కిటికీకి పోయాను. పదకొండేళ్లది మొత్తం ఇచ్చెయ్యమన్నాను. కిటికీ ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అదేంటమ్మా, లోకమంతా తీస్తుంటే మీరొక్కరే తీయలేదు. ఇప్పుడంతా సర్దుకుంది, మీవాళ్లు తిరిగి వేస్తున్నారు. ఇప్పుడెందుకు?"

"ఇప్పుడైతే లైను ఉండదు కదా బాబూ" అన్నాను.

పుస్తకంలో గీత కొట్టి, నోట్లు ఇచ్చాడు. ఇంటికొచ్చేదాకా మూడుసార్లు వెనక్కి తిరిగి చూశాను. బాబాయి ఈల వేయలేదు. ఇంత డబ్బు ఇంట్లో పెడితే ఎలాగ, అని లేచి తలుపు గడియ పెట్టాడు.

నీ జీతం ఎక్కడ పెట్టుకుంటావో నీ ఇష్టం. పెట్టమనను, వద్దనను. ఇక నేనెవరికీ పూచీ ఉండను చిట్టీ, నీకు కూడా.

పిన్ని